ఫోర్జ్‌డ్ అన్నది లోహం పేరు కాదు: పిస్టన్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కారు ఇంజిన్ శక్తి పెంచుకోవాలనుకునేవారు ముందుగా టర్బో గురించి, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ట్యూనింగ్ గురించి అడుగుతారు. పెంచిన ఆ శక్తి మొట్టమొదట పడేది పిస్టన్ నెత్తిన అన్న సంగతి చాలామందికి ఇంజిన్ విప్పిన తర్వాతే గుర్తుకు వస్తుంది. ఈసారి మాత్రం ముందుగానే గుర్తుకు వచ్చినవారి ఉత్తరాలు తగినన్ని అందాయి కాబట్టి ఈ శీర్షికను పూర్తిగా పిస్టన్ లోహాలకే కేటాయించాము. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరిలో జరిగిన ప్రపంచ స్థాయి రేసులో పరుగెత్తిన విద్యుత్ కార్లకు అసలు పిస్టన్లే లేవని, ఇంకా వీటి గురించి ఎందుకని ఒక పాఠకుడు చమత్కరించారు. ఆయన మాట నిజమే. అయితే మిగిలిన ఉత్తరాలు రాసినవారందరి కార్లలోనూ పిస్టన్లు ఉన్నాయి.

ప్రశ్న: నా దగ్గర లీటరు టర్బో పెట్రోల్ కారు ఉంది. బూస్టు (టర్బో ఇంజిన్లోకి నెట్టే గాలి పీడనం) కొంత పెంచి ట్యూనింగ్ చేయించాలని ఉంది. మా ఆటోనగర్‌లో ఒక మెకానిక్ “ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయించండి సార్, ఇక చూసుకోనక్కర్లేదు” అన్నారు. మరొకరు కంపెనీ పిస్టన్లే చాలని కొట్టిపారేశారు. అసలు ఫోర్జ్‌డ్ అంటే ఏ లోహం? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: మీ ప్రశ్నలోని చివరి వాక్యమే అసలైన ప్రశ్న. ఫోర్జ్‌డ్ అన్నది లోహం పేరు కాదు, తయారీ పద్ధతి పేరు. కుండను చక్రం మీద తిప్పి చేశారా, అచ్చులో ఒత్తి చేశారా అన్నది తెలిసినంత మాత్రాన మట్టి ఏ చెరువుదో తెలియదు కదా. ఇదీ అంతే. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేస్తే అది క్యాస్ట్ పిస్టన్. వేడిచేసిన గట్టి లోహపు ముద్దను డైలో పెట్టి భారీ ప్రెస్సుతో అదిమితే అది ఫోర్జ్‌డ్ పిస్టన్. అదమడం వల్ల లోహంలోని రేణువులు పిస్టన్ ఆకారాన్ని అనుసరించి ఒదుగుతాయి, పోతలో మిగిలిపోయే గాలి రంధ్రాలు ఉండవు, అందువల్ల బలం పెరుగుతుంది. అయితే ఏ లోహాన్ని అదిమారన్నది వేరే ప్రశ్న. బజారులో “ఫోర్జ్‌డ్” అన్న ఒక్క మాట కింద అమ్ముడయ్యే పిస్టన్లలో స్వభావం బాగా వేరైన రెండు మిశ్రలోహాలు ఉన్నాయి.

ఆ తేడా అంతా ప్రధానంగా సిలికాన్ దగ్గర ఉంది. అల్యూమినియంలో సిలికాన్ కలిపితే వేడికి వ్యాకోచించే గుణం తగ్గుతుంది, రాపిడికి తట్టుకునే గుణం పెరుగుతుంది. ఎందుకంటే సిలికాన్ రేణువులు అల్యూమినియం కంటే ఎన్నో రెట్లు గట్టివి, అవి రింగులు కూర్చునే గాడులను, స్కర్టును (పిస్టన్ కింది భాగపు గోడను) అరిగిపోకుండా కాపాడతాయి. కానీ ఆ గట్టి రేణువులే పగులుకు దారి కూడా చూపిస్తాయి. సిలికాన్ పెరిగేకొద్దీ లోహం పెళుసుబారుతుంది. సాధారణ కార్లలో కంపెనీలు బిగించే పిస్టన్లు చాలావరకు 12 శాతం చుట్టుపక్కల సిలికాన్ ఉన్న పోత అల్యూమినియం పిస్టన్లు. 16 నుంచి 18 శాతం దాకా సిలికాన్ కలిపినవీ ఉన్నాయి. హైపర్‌యుటెక్టిక్ అని పిలిచే ఈ రకం సిలిండర్ గోడకు తక్కువ సందుతో నిశ్శబ్దంగా నడుస్తుంది, ఎక్కువకాలం మన్నుతుంది, దెబ్బ తగిలితే మాత్రం వంగకుండా విరుగుతుంది.

ఇక ఫోర్జ్‌డ్ రకాల్లో మొదటిది 4032 అనే మిశ్రలోహం. ఇందులో సిలికాన్ 11 నుంచి 13.5 శాతం దాకా ఉంటుంది. నికెల్, రాగి, మెగ్నీషియం ఒక్కొక్కటి ఒక శాతం దరిదాపుల్లో ఉంటాయి. రెండవది 2618. ఇందులో సిలికాన్ పావు శాతం కూడా ఉండదు. దాని బలమంతా 2.3 శాతం దాకా ఉండే రాగి, 1.6 శాతం మెగ్నీషియం, ఒక్కొక్క శాతం చొప్పున ఉండే ఇనుము, నికెల్ నుంచి వస్తుంది. ఇనుము, నికెల్ కలిసి అల్యూమినియంతో ఏర్పరచే సూక్ష్మ రేణువులు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక కూడా లోహాన్ని మెత్తబడనివ్వవు. కాబట్టి 2618 ఎక్కువ వేడిని, ఎక్కువ దెబ్బను ఓర్చుకుంటుంది. దానికి బదులుగా ఎక్కువ వ్యాకోచిస్తుంది, త్వరగా అరుగుతుంది.

ఇప్పుడు మీ కారు సంగతి. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో పిస్టన్‌ను చంపేది సాధారణంగా శక్తి కాదు, నాకింగ్, అంటే ఇంధన మిశ్రమం తనంతట తానే అదుపు తప్పి అంటుకోవడం. అయిదో గేరులో తక్కువ వేగంతో కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ బలంగా తొక్కినప్పుడు, స్పార్కు రాకముందే ఇంధన మిశ్రమం అంటుకునే ప్రమాదం ఈ ఇంజిన్లలో ఉంది. ఆ క్షణంలో సిలిండర్లో పుట్టే పీడనం సుత్తి దెబ్బ లాంటిది. అది పోత పిస్టన్‌లో మొదటి రింగుకూ రెండవ రింగుకూ మధ్య ఉండే సన్నని గట్టును విరగగొడుతుంది. 4032 పిస్టన్ ఇలాంటివి కొన్నింటిని భరిస్తుంది. 2618 అయితే విరగడానికి బదులు సొట్టపడుతుంది, అప్పుడు ఇంజిన్ చప్పుడు మారి యజమానికి తెలిసే అవకాశం ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బూస్టు స్వల్పంగా పెంచి, నాకింగ్ రాకుండా జాగ్రత్తగా ట్యూనింగ్ చేయించేటట్లయితే కంపెనీ పిస్టన్లనే ఉంచండి. ఆ డబ్బును మంచి ఇంటర్‌కూలర్ మీద, ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ మీద ఖర్చు పెట్టండి. అంతకుమించి పోవాలనుకుంటే, రోజూ ఆఫీసుకు నడిపే కారుకు 4032 పిస్టన్ సరిపోతుంది. 2618 మీకు అక్కర్లేదు. “ఇక చూసుకోనక్కర్లేదు” అన్న మాటను మాత్రం ఏ పిస్టన్ విషయంలోనూ నమ్మవద్దు.

ప్రశ్న: మేము అమెరికాలో ఆస్టిన్‌లో ఉంటాము. నా 2002 హోండా ఎస్2000 కారును నెలకొకసారి ట్రాక్ మీద నడుపుతాను. గత ఏడాది ఇంజిన్ తిరిగి కట్టించినప్పుడు 2618 పిస్టన్లు వేయించాను. చలికాలం ఉదయాన స్టార్ట్ చేస్తే మొదటి రెండు మూడు నిమిషాలు టకటకమని చప్పుడు వస్తోంది, వేడెక్కాక పోతోంది. ఇది లోపమా? (ఒక పాఠకుడు)

జవాబు: లోపం కాదు, ఆ లోహం గుణం. కానీ మీ ప్రశ్నకు సరైన జవాబు కావాలంటే ఆ పిస్టన్ ఏ పరిస్థితుల్లో బతుకుతోందో ముందు లెక్క వేసుకోవాలి.

మీ ఇంజిన్ స్ట్రోక్, అంటే పిస్టన్ పైకొన నుంచి కిందికొనకు కదిలే దూరం, 84 మిల్లీమీటర్లు. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే పిస్టన్ పైకి ఒకసారి, కిందికి ఒకసారి, మొత్తం 168 మిల్లీమీటర్లు కదులుతుంది. నిమిషానికి 9,000 చుట్ల దగ్గర ఆ సగటు వేగం సెకనుకు 25.2 మీటర్లు. వేగం సంగతి అలా ఉంచి, అసలు శిక్ష ప్రతి స్ట్రోక్ చివరా ఆగి వెనక్కి తిరగడంలో ఉంది. పిస్టన్ పైకొనకు చేరిన క్షణాన దాని మీద పనిచేసే త్వరణం, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ పొడవును కూడా లెక్కలోకి తీసుకుంటే, గురుత్వ త్వరణానికి సుమారు 4,800 రెట్లు వస్తుంది. అంటే పిస్టన్ బరువులో ప్రతి 100 గ్రాములూ ఆ క్షణంలో 480 కిలోల బరువై రాడ్‌ను లాగుతాయి. ఇది సెకనుకు 150 సార్లు జరుగుతుంది. అందుకే హోండా ఆ ఇంజిన్‌కు మొదటి నుంచీ ఫోర్జ్‌డ్ పిస్టన్లే వాడింది. అందుకే ఇలాంటి ఇంజిన్లలో బలంతో పాటు బరువును కూడా గ్రాముల లెక్కన చూస్తారు.

ఇప్పుడు చప్పుడు సంగతి. ఒక డిగ్రీ వేడెక్కితే 4032 లోహం మీటరుకు 19.4 మైక్రాన్లు, 2618 లోహం 22.3 మైక్రాన్లు పెరుగుతాయి. మీ బోర్, అంటే సిలిండర్ వ్యాసం, 87 మిల్లీమీటర్లు. పిస్టన్ స్కర్టు 25 డిగ్రీల నుంచి 150 డిగ్రీలకు వేడెక్కిందనుకుంటే, 2618 పిస్టన్ 4032 పిస్టన్ కంటే సుమారు 0.03 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉబ్బుతుంది. ఇది వెంట్రుక మందంలో సగం కూడా కాదు. అయినా వేడి ఇంజిన్లో ఇరుక్కుపోకుండా ఉండాలంటే చల్లగా ఉన్నప్పుడు అంత సందును అదనంగా వదలక తప్పదు. ఆ సందులో పిస్టన్ అటూ ఇటూ ఊగి గోడకు తగిలే చప్పుడే మీరు వింటున్నది. వేడెక్కాక సందు పూడుతుంది, చప్పుడు ఆగుతుంది. పది నిమిషాల తర్వాత కూడా చప్పుడు ఆగకపోతే మాత్రం అది వేరే జబ్బు.

ఈ విషయంలో నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. వర్క్‌షాపులో చేరిన తొలి సంవత్సరాల్లో నేనూ నా సహోద్యోగి కలిసి ఒక ర్యాలీ కారు ఇంజిన్‌కు 2618 పిస్టన్లు బిగించాము. క్లియరెన్స్ (పిస్టన్‌కూ గోడకూ మధ్య వదిలే సందు) మాత్రం పాత పోత పిస్టన్ల పట్టికలో ఉన్నదే ఇచ్చాము. చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ కుట్టుమిషన్‌లా ఎంత మృదువుగా నడిచిందో చూసి మురిసిపోయాము. మొదటి పొడవాటి ఎత్తు దగ్గరే పిస్టన్లు పట్టేశాయి. విప్పి చూస్తే స్కర్టు మీద నాలుగు మూలలా లోహం గీరుకుపోయి ఉంది. చల్లగా ఉన్నప్పుడు 2618 పిస్టన్ చప్పుడు చేయకపోతేనే నాకు ఈనాటికీ అనుమానం.

మీరు పాటించవలసినవి రెండు. ఇంజిన్‌ను చల్లబరిచే నీరు వేడెక్కినట్టు మీటరు చూపించినా ఇంజిన్ ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది; ఆయిల్ వేడెక్కేదాకా 4,000 చుట్లు దాటించకండి. రెండవది మీ ఇంజిన్‌కే ప్రత్యేకం. దాని సిలిండర్ గోడలు మామూలు ఇనుప స్లీవులు కావు, కార్బన్, అల్యూమినా పోగులు కలిపిన అల్యూమినియం గోడలు. పూత లేని పిస్టన్ స్కర్టును అవి ఆకురాయిలా గీకుతాయి. మీరు వేయించిన పిస్టన్ల పూత, రింగులు ఆ గోడలకు సరిపడేవేనని తయారీదారు నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకోండి. 2618 లోహం మెత్తనిది కాబట్టి ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. నెలకొకసారి ట్రాక్, మిగిలిన రోజులు రోడ్డు అన్న మీ వాడకానికి, టర్బో కూడా లేదు కాబట్టి, నన్ను ముందే అడిగి ఉంటే 4032 అనే చెప్పేవాణ్ణి. బిగించినవాటిని మార్చనక్కర్లేదు. ఆయిల్ వినియోగాన్ని రాసిపెట్టుకుంటూ ఉండండి, ఏడాదికొకసారి కంప్రెషన్ పరీక్ష చేయించండి.

ప్రశ్న: మేము ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులము. ఫార్ములా స్టూడెంట్ పోటీ కోసం కేటీఎం 390 ఇంజిన్‌తో కారు తయారు చేస్తున్నాము. పిస్టన్‌ను మేమే కొత్త లోహంతో డిజైన్ చేసి మార్కులు సంపాదించాలని అనుకుంటున్నాము. ఏ లోహం ఎంచుకోమంటారు? (విద్యార్థి బృందం, కాకినాడ)

జవాబు: పిస్టన్ జోలికి పోకండి. 89 మిల్లీమీటర్ల బోర్, 60 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న ఆ ఇంజిన్‌కు కంపెనీయే ఫోర్జ్‌డ్ పిస్టన్ ఇచ్చింది. పైగా మీ పోటీ నియమాల ప్రకారం గాలి అంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండా పోవాలి. ఆ రంధ్రంలో గాలి ధ్వని వేగాన్ని అందుకున్నాక మీరు ఏం చేసినా సెకనుకు సుమారు 75 గ్రాములకు మించి లోపలికి రాదు. టర్బో పెట్టి ఆ హద్దు దాకా వెళ్తే తప్ప, కంపెనీ పిస్టన్ భరించలేని పరిస్థితి ఏదీ మీ కారులో రాదు. డిజైన్ పరీక్షకులకు చూపించాలన్న కోరిక న్యాయమైనదే. అందుకు ఉన్న పిస్టన్‌లోని ఉష్ణోగ్రతలను కొలిచి, మీ కంప్యూటర్ లెక్కతో పోల్చి చూపించండి. గట్టిపరచిన అల్యూమినియం వేడిలో ఎక్కువసేపు ఉంటే మెత్తబడుతుంది. కాబట్టి వాడిన పిస్టన్‌ను నిలువునా కోసి, తల నుంచి స్కర్టు దాకా వేర్వేరు చోట్ల గట్టిదనం పరీక్షిస్తే, ఏ భాగం ఎంత వేడికి గురైందో లోహమే చెబుతుంది. మీ కళాశాల మెటలర్జీ ప్రయోగశాలలో ఉన్న పరికరాలతోనే ఇది చేయవచ్చు.

ప్రశ్న: అల్యూమినియం పిస్టన్లు ఎప్పటి నుంచి ఉన్నాయి? పాత కార్లలో ఇనుప పిస్టన్లు ఉండేవని మా తాతగారు చెప్పేవారు. (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ తాతగారు చెప్పింది నిజం. తొలినాటి ఇంజిన్లకు పోత ఇనుము పిస్టన్లే ఉండేవి. ఇంగ్లండులో డబ్ల్యూ. ఓ. బెంట్లీ అప్పట్లో డీఎఫ్‌పీ అనే ఫ్రెంచి కార్లను అమ్మేవారు. 1913లో ఆ కర్మాగారానికి వెళ్ళినప్పుడు ఆయన ఒక బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టిన బుల్లి అల్యూమినియం పిస్టన్‌ను చూశారు. అది అలంకారానికి చేసిన వస్తువు. నిజంగానే ఇంజిన్లో ఎందుకు పెట్టకూడదన్న ఆలోచన ఆయనకు అక్కడే వచ్చింది. అల్యూమినియంలో రాగి కలిపి చేయించిన పిస్టన్లతో ఆ కార్లను రేసుల్లో నడిపించారు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆ విద్య విమాన ఇంజిన్లకు పాకింది.

ఆ యుద్ధ కాలంలోనే బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాల 4 శాతం రాగి, 2 శాతం నికెల్, 1.5 శాతం మెగ్నీషియంతో వై అల్లాయ్ అనే లోహాన్ని తయారు చేసింది. దాని సంతతిలో రోల్స్ రాయిస్ అభివృద్ధి చేసిన ఆర్ఆర్58 వచ్చింది. పై జవాబుల్లో 2618 అని రాసినది ఈ లోహమే. ఇదే కాంకార్డ్ విమానం ఒంటికి తొడుగు కూడా అయింది. ధ్వని కంటే రెట్టింపు వేగంతో ఎగిరేటప్పుడు గాలి రాపిడికి ఆ విమానం ముక్కు 127 డిగ్రీల దాకా వేడెక్కేది. గంటల తరబడి ఆ వేడిలో బలం కోల్పోని అల్యూమినియం కావలసి వచ్చి, ఇంజిన్ భాగాల కోసం పుట్టిన ఈ లోహాన్ని ఎంచుకున్నారు.

ప్రశ్న: డీజిల్ కార్లలో మళ్ళీ ఉక్కు పిస్టన్లు వస్తున్నాయని చదివాను. బరువైన ఉక్కుకు తిరిగి వెళ్ళడం వెనక్కి నడవడం కాదా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: చూడటానికి అలాగే ఉంటుంది. ఉక్కు సాంద్రత అల్యూమినియం సాంద్రతకు దాదాపు మూడు రెట్లు, పైగా వేడిని పంచే శక్తి మూడు నాలుగు రెట్లు తక్కువ. అయినా 2014లో మెర్సిడెస్ బెంజ్ తన వీ6 డీజిల్ ఇంజిన్లో, అల్యూమినియం బ్లాకులో, ఉక్కు పిస్టన్లు పెట్టింది. లారీ ఇంజిన్లలో అవి అంతకుముందే ఉన్నాయి.

కారణం పీడనం. నేటి డీజిల్ ఇంజిన్లో దహన పీడనం 200 బార్ దరిదాపులకు చేరుతుంది. పిస్టన్ తలలో తవ్విన గిన్నె లాంటి గుంట అంచు దగ్గర అల్యూమినియం అలసిపోయి పగుళ్ళు ఇస్తుంది. ఉక్కు ఆ వేడిలోనూ గట్టిగా ఉంటుంది కాబట్టి గోడలను పలచగా చేయవచ్చు, పిన్ రంధ్రాన్ని తలకు దగ్గరగా జరపవచ్చు. పిస్టన్ పొట్టిదవుతుంది, అందువల్ల బరువు మనం భయపడినంత పెరగదు. మిగిలిన ఎత్తులో కనెక్టింగ్ రాడ్‌ను పొడవు చేస్తే పిస్టన్ గోడకు ఒరుసుకునే బలం తగ్గుతుంది. ఇంకొక సూక్ష్మం ఉంది, నాకు అన్నింటికంటే నచ్చినది అదే. ఉక్కు వ్యాకోచం అల్యూమినియం వ్యాకోచంలో సగం కంటే కొద్దిగా ఎక్కువ. అల్యూమినియం బ్లాకు వేడెక్కి విచ్చుకుంటుంటే లోపలి ఉక్కు పిస్టన్ అంతగా ఉబ్బదు. కాబట్టి ఇంజిన్ వేడెక్కేకొద్దీ సందు కొంత వదులవుతుంది, రాపిడి తగ్గుతుంది. ఆస్టిన్ పాఠకుడి ఇంజిన్లో జరిగేదానికి ఇది సరిగ్గా తలకిందులు.

మరి పెట్రోల్ స్పోర్ట్స్ కార్లకు ఎందుకు వాడరు? రెండు అడ్డంకులు ఉన్నాయి. ఉక్కు తల వేడిని తనలోనే నిలుపుకొని ఎర్రగా కాలే స్థితికి దగ్గరవుతుంది. డీజిల్‌కు ఆ వేడి మేలు చేస్తుంది, పెట్రోల్‌లో నాకింగ్‌ను పిలుస్తుంది. రెండవది బరువు. 9,000 చుట్ల దగ్గర ప్రతి 100 గ్రాములూ 480 కిలోలవుతాయని పైన చూశాము. డీజిల్ ఇంజిన్ అందులో సగం వేగం కూడా దాటకుండా బండి నడిపేస్తుంది, త్వరణం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దానికి ఆ బాధ నాలుగో వంతే.

ప్రశ్న: టైటానియం, మెగ్నీషియం, సిరామిక్ వంటివి ఉండగా రేసు కార్లు కూడా అల్యూమినియంనే ఎందుకు పట్టుకు వేలాడుతున్నాయి? త్రీడీ ప్రింటింగ్‌తో ఏమైనా మారుతుందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: సిలిండర్లో మండే వాయువు ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్ అల్యూమినియం 600 డిగ్రీలు చేరకముందే కరగడం మొదలుపెడుతుంది. అయినా కరగకపోవడానికి కారణం అది వేడిని పట్టి ఉంచకుండా రింగుల గుండా గోడకు, కింది నుంచి చిమ్మే ఆయిల్‌కు అప్పగించడమే. వేడిని ఓర్చుకునే లోహం కావాలని అందరూ అంటారు, నిజానికి వేడిని వదిలించుకునే లోహం కావాలి. ఈ ఒక్క పరీక్షలో టైటానియం ఓడిపోతుంది. రేసుల్లో కనెక్టింగ్ రాడ్లకు వాడే సాధారణ టైటానియం మిశ్రలోహం అల్యూమినియంతో పోలిస్తే ఇరవయ్యో వంతు వేడిని కూడా పంచదు, గోడకు రాసుకుంటే అంటుకుపోయే చెడ్డ గుణం కూడా ఉంది, పైగా అల్యూమినియం కంటే బరువు. మెగ్నీషియం తేలికే గాని పిస్టన్ తల వేడిలో బలం నిలవదు. సిరామిక్‌ను పిస్టన్‌గా కాక, తల మీద పలుచని పూతగా వాడటం ఆచరణలో ఉంది.

రేసుల్లో మామూలు అల్యూమినియంను ఓడించిన లోహం ఒకటి ఉంది, బెరీలియం కలిపిన అల్యూమినియం. 1990ల చివర ఇల్మోర్ సంస్థ మెర్సిడెస్ పేరుతో మెక్‌లారెన్ ఫార్ములా వన్ కార్లకు చేసిన ఇంజిన్లలో దాన్ని వాడింది. ఒక లోహం ఎంత బిగువుగా ఉందన్న కొలతను దాని సాంద్రతతో భాగిస్తే ఉక్కుకు, అల్యూమినియంకు, టైటానియంకు మూడింటికీ దాదాపు 25 వస్తుంది. ప్రకృతి ఈ మూడింటినీ ఒకే త్రాసులో తూచినట్టుంటుంది. బెరీలియంకు మాత్రం అది 150 దాటుతుంది. అందువల్ల పిస్టన్ తేలికగా, వంగకుండా, వేడిని బాగా పంచేదిగా తయారైంది. అయితే బెరీలియం ధూళి ఊపిరితిత్తులకు విషం, లోహం ఖరీదు విపరీతం. ఫార్ములా వన్ నియమావళి ఆ నిష్పత్తి 40 దాటిన లోహాలను 2001 నుంచి నిషేధించింది. లేత్ మీద నిలబడి చిప్స్ ఊడ్చే మనిషి ఊపిరిని లెక్కలోకి తీసుకుంటే ఆ నిషేధాన్ని తప్పుపట్టలేము.

త్రీడీ ప్రింటింగ్ వల్ల మారుతున్నది లోహం కంటే ఎక్కువగా ఆకారం. 2020లో పోర్షే, మాలె సంస్థతో కలిసి 911 జీటీ2 ఆర్ఎస్ కారుకు అల్యూమినియం పొడిని లేజరుతో పొరలు పొరలుగా కరిగించి పిస్టన్లు తయారు చేయించింది. ఫోర్జ్‌డ్ పిస్టన్ కంటే అవి 10 శాతం తేలిక. తల లోపల, ఆయిల్ ప్రవహించేందుకు మూసిన కాలువ ఒకటి ఉంది; అదిమి చేసే పద్ధతిలో అటువంటి కాలువ సాధ్యం కాదు. 700 హార్స్‌పవర్ ఇంజిన్ నుంచి మరో 30 దాకా రాబట్టవచ్చని పోర్షే చెప్పింది. ఇక్కడ కూడా గెలిచింది వేడిని వదిలించుకునే ఉపాయమే.

ప్రశ్న: దుకాణదారు 2618 అని చెప్పి ఎక్కువ ధర తీసుకున్నాడు. పెట్టె మీద ఆ సంఖ్య లేదు. అది నిజంగా 2618 అని ఇంట్లో తెలుసుకునే మార్గం ఉందా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: కంటికి తెలియదు, గోటితో గీరినా తెలియదు. తూకంలో తెలుస్తుంది. 2618 సాంద్రత 2.76, 4032 సాంద్రత 2.69 దాకా ఉంటాయి. రింగులు, పిన్, లాకులు అన్నీ తీసేసి వట్టి పిస్టన్‌ను ముందు గాలిలో తూచండి, తర్వాత సన్నని దారంతో నీటిలో పూర్తిగా మునిగేటట్లు వేలాడదీసి తూచండి. గాలిలోని బరువును, రెండు బరువుల తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 350 గ్రాముల పిస్టన్ అనుకుంటే, నీటిలో 2618 సుమారు 223 గ్రాములు, 4032 సుమారు 220 గ్రాములు తూగుతుంది. మూడు గ్రాముల తేడా కాబట్టి కిరాణా తూకం పనికిరాదు, బంగారం కొట్లో వాడే తూకం కావాలి. నీటిలో ఒక చుక్క సబ్బు కలిపి, పిన్ రంధ్రంలో, రింగు గాడుల్లో, ఆయిల్ రంధ్రాల్లో అంటుకున్న గాలి బుడగలను బ్రష్షుతో వదిలించండి. ఒక పెద్ద బుడగ ఒక్కటి మిగిలినా 2618 కాస్తా 4032 అయి కూర్చుంటుంది.

ఈ పరీక్ష 4032 ఫోర్జ్‌డ్ పిస్టన్‌ను 12 శాతం సిలికాన్ ఉన్న పోత పిస్టన్ నుంచి వేరు చేయలేదని గుర్తుంచుకోండి, వాటి సాంద్రతలు దాదాపు ఒకటే. అందుకు పిస్టన్‌ను తిప్పి లోపలి వైపు చూడాలి. పోత పిస్టన్‌లో అచ్చు ముక్కలు కలిసిన గీతలు, సన్నని పక్కటెముకల వంటి వివరాలు ఎక్కువగా కనిపిస్తాయి. కచ్చితంగా తేలాలంటే ఒక పిస్టన్‌ను వదులుకొని లోహాలు పరీక్షించే ప్రయోగశాలలో స్పెక్ట్రోమీటర్ పరీక్ష చేయించాలి. నివేదికలో సిలికాన్ అంకె ఒక్కటి చూస్తే చాలు, పావు శాతం లోపు ఉంటే మీ దుకాణదారు నిజమే చెప్పాడు. బిగించే ముందు మాత్రం నాలుగు పిస్టన్లనూ తూచండి, ఒకటి మాత్రమే తూచి ఊరుకోకండి.